రెండు మూలలూ నల్లబడాల

మొన్న బుధవారం ఒక బొమ్మల పుస్తకం తెరిస్తే ఆవనూనె కలిపిన మరమరాల వాసన వచ్చింది. కలకత్తా న్యూ టౌన్‌లో, లిఫ్టులూ కాపలావాళ్ళూ ఉన్న అపార్ట్‌మెంట్ల మధ్య మేము నడిపే పిల్లల లైబ్రరీలో ఇలాంటి వాసన రావడం అరుదు. ఎవరో పిల్లలు తింటూనే పేజీలు తిప్పినట్టున్నారు. మూడో పేజీలో ఒక మరమరం నలిగి అతుక్కుపోయి కూడా ఉంది. నాతో పనిచేసే మౌసుమి, ఇరవై మూడేళ్ళ బెంగాలీ పిల్ల, ఆ తప్పు తనదే అన్నట్టు నొచ్చుకుంది. “ఆంటీ, ఇది పాడైపోయింది. తీసేసి కొత్తది తెప్పిద్దామా? ఈసారి నాలుగు కాపీలు తెప్పిస్తే పిల్లలు కొట్టుకోవడం కూడా తప్పుతుంది,” అంది. నేను పుస్తకాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని ఇంకోసారి వాసన చూశాను. పాతికేళ్ళ పైమాట. ఖిదిర్‌పూర్‌లో మా ఓడరేవు డాకు క్వార్టర్ల క్లబ్బు గది, చిరుగుల చాప, ఆ చాప చివర కాళ్ళు చాపుకుని కూచున్న పైడమ్మప్ప ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చారు.

మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటారు. పైడమ్మప్ప ఎవరికీ సొంత అప్ప కాదు, క్వార్టర్లలో అందరికీ అప్పే. ఆవిడకన్నా పెద్దవాడైన మా నాన్న కూడా అలాగే పిలిచేవాడు. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివి, పెళ్ళయ్యాక డాకులో పనిచేసే మొగుడి వెంట కలకత్తా వచ్చింది. పొద్దున్నే పాచిపనులకు పోయే తల్లులు తమ పిల్లల్ని గడపలో వదిలిపోవడం చూసి, వాళ్ళందర్నీ పోగుచేసి క్లబ్బు గదిలో బాలవాడి పెట్టింది. నేను పదో తరగతి పాసై, పై చదువుకి దారి లేక ఇంట్లో మొహం వేలాడేసుకుని ఉంటే, వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. “ఒలే రత్నం, ఏడిస్తే ఏటొస్తాది? నా కాడికి రా, ముప్పైమంది ఏడుస్తన్నారు, ఆల్ని ఓదార్చు,” అంది. నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. బెంగాలీ బడిలో చదువుకున్నదాన్ని, తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాదు. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే, పిల్లలు వెళ్ళిపోయాక ఆవిడ నా చేత పలక మీద దిద్దించిన అక్షరాల పుణ్యమే.

పుస్తకాల విషయంలో ఆవిడ పద్ధతి వేరు. ఎవరైనా బొమ్మల పుస్తకం తెచ్చిస్తే కథేమిటని అడిగేది కాదు, నీతేమిటని అసలే అడిగేది కాదు. చాప మీద పడేసి, తమలపాకు నములుతూ ఒక నెల ఊరుకునేది. నెలాఖరున అన్నీ ముందేసుకుని, ఒక్కోదాని కింది మూలలు చూసేది. మొదట్లో నాకు ఆవిడేం వెతుకుతోందో అర్థం కాలేదు. ఒకరోజు నా చేతికి రెండు పుస్తకాలిచ్చి తేడా చెప్పమంది. రెండూ మురికిగానే ఉన్నాయన్నాను. “సరింగా సూడు. ఒక్కడే కూకుని సదివితే కుడి మూలే నలుపెక్కుతాది, తిప్పేది ఆ మూలే గదా. ఇద్దరు పక్కపక్కన కూకుంటే ఎడమేపు ఉన్నోడు ఎడమ మూల పట్టుకుంటాడు. రెండు మూలలూ నల్లబడాల. అప్పుడే అది పిల్లల పుస్తకం,” అంది. తెల్లగా మిగిలిపోయిన పుస్తకాలని మూటగట్టి పక్క వీధి బడికి పంపేసేది. చిరిగిపోయినవాటికి మాత్రం పాత కేలండరు కాగితాలతో అట్టలు వేసి, మైదా జిగురుతో అతికించి, పండక్కి ముస్తాబు చేసినట్టు చేసేది.

ఇంత తెలివైన మనిషికీ ఒక మొండితనం ఉండేది, అది ఆ గది. క్లబ్బు సెక్రటరీ బిమల్‌దా మంచివాడే. ఆ రోజుల్లో మా పేటలో చిన్న తగువు మొదలుకుని కొత్త కుళాయి దాకా అన్నీ క్లబ్బులోనే తేలేవి, అన్నిటికీ ఆయనే తిరిగేవాడు. ఒకరోజు వచ్చి, క్వార్టర్ల ఆడవాళ్ళకి కుట్టుమిషన్లు వస్తున్నాయనీ, మధ్యాహ్నాలు గది ఎలాగూ ఖాళీయే గనక వాళ్ళకిమ్మనీ అడిగాడు. పైడమ్మప్ప నడుముకి కట్టుకున్న తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది. “ఈయేళ సగం పూటంటారు, రేపు మిషన్లకి సోటు సాలదంటారు, ఎల్లుండి నా పిల్లలు రోడ్డు మీద. ఇయ్యను దాదా,” అంది. ఆయన ఎంత చెప్పినా వినలేదు. ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. చివరికి బిమల్‌దాకి విసుగొచ్చింది. “సరే దిదిమొణి, దుర్గాపూజ సెలవుల ముందు పిల్లల బళ్ళు చూసే ఆఫీసరు దిది వస్తుంది. ఇక్కడ పిల్లలు ఏదైనా నేర్చుకుంటున్నారని ఆమె రాస్తే గది మొత్తం మీదే. లేదంటే మొత్తం కుట్టుమిషన్లకే,” అని వెళ్ళిపోయాడు. టీచరమ్మల్ని ఇక్కడ దిదిమొణి అంటారు. ఆయన అంత గౌరవంగా పిలిచి అంత కఠినమైన మాట అన్నాడు.

ఆఫీసరు దిదికి చూపించడానికి కొత్త పుస్తకాలు కావాలని పట్టుబట్టింది నేనే. అప్పకి జ్వరంగా ఉంటే ఒక్కదాన్నే ట్రామెక్కి కాలేజీ స్ట్రీట్ వెళ్ళాను. అంత నమ్మకంతో ఒక పని నా చేతిలో పెట్టడం అదే మొదటిసారి, ఆ రోజు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. దుకాణదారుని “పంచుకోవడం నేర్పే పుస్తకం ఇవ్వండి” అని అడిగాను. నున్నటి కాగితం మీద కుందేళ్ళు, ఉడతలు, ఒక జామపండు. కుందేలు కొరికి ఉడతకిస్తుంది, ఉడత కొరికి ఎలుకకిస్తుంది. చివరి పేజీలో పెద్దక్షరాలతో ‘మంచి పిల్లలు పంచుకుంటారు’ అని ఉంది. ఇంకేం కావాలి? అలాంటివే నాలుగు ఏరుకుని ఇంటికొచ్చాను.

రెండో రోజుకే అద్భుతం జరిగిందనుకున్నాను. ఆ జామపండు పుస్తకం కోసం పిల్లలు కొట్టుకోవడం లేదు! ఒకడు చూస్తుంటే మిగతావాళ్ళు తమ చెప్పులు తెచ్చి చాప పక్కన వరసగా పెట్టారు. వంతు వచ్చినవాడు తన చెప్పు తీసేసుకుని పుస్తకం అందుకుంటాడు. క్వార్టర్లలో కుళాయికి నీళ్ళొచ్చే వేళకి ముందు పెద్దవాళ్ళు బకెట్లూ ఇటుకలూ వరసలో పెట్టి పోతారు, అది చూసి పిల్లలు నేర్చిన విద్య. నేను ఉప్పొంగిపోయి అప్పని పిలిచి చూపించాను. ఆవిడ జ్వరం కళ్ళతో ఆ చెప్పుల వరస వంక చాలాసేపు చూసింది.

“ఇదేటమ్మా?”

“పంచుకుంటున్నారప్పా! చూడు, ఎంత బుద్ధిగానో.”

“పంచుకోడం కాదే రత్నం. ఇది లైను. కుళాయి కాడ బకెట్లు నీళ్ళు పంచుకుంటాయేటి? ఎవుడి వొంతు ఆడు పట్టుకుని ఎనక్కి సూడకుండా ఎలిపోతాడు.” ఆవిడ పుస్తకం తీసి, నేను చదివి చెప్పిన చివరి పేజీ చూపించింది. “ఇది ముందే అంతా సెప్పీసింది. ఇంక పిల్లోడు సెప్పడానికేటి మిగిలింది? సెప్పడానికి ఏటీ నేకపోతే పక్కోడితో పనేటి?” అంది. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. అయిదో తరగతి చదివిన మనిషి నా ఎంపికకి వంకలు పెడుతోందని మనసులో గొణుక్కున్నాను. నెలాఖరున ఆ నాలుగు పుస్తకాల మూలలు చూసుకుంటే కుడివైపు మాత్రమే పలచగా మురికి పట్టింది, ఎడమవైపు పెళ్ళికూతురు చెయ్యిలా తెల్లగా ఉంది. అప్పుడు నోరు మూసుకున్నాను.

అదే నెలలో తాడు పుస్తకం ఒకటి వచ్చింది. మా బాలవాడిలో కాశీ అని అయిదేళ్ళవాడు ఉండేవాడు. వాళ్ళ నాన్న పనిచేసిన ఓడలో ఎవరో విదేశీ నావికుడు దాన్ని ఆయనకిచ్చాడట. మామూలు పుస్తకం కాదది, విసనకర్రలా మడతలు పెట్టిన ఒకే పొడుగాటి అట్ట. పూర్తిగా విప్పితే చాప ఈ చివర్నుంచి ఆ చివరకి వచ్చేది. ఒక కొసనుంచి రెండో కొస దాకా ఒక తాడు బొమ్మ సాగుతూ ఉంటుంది. ఒకచోట ఆ తాడు మీద ముసలమ్మ బట్టలారేస్తుంది, ఒకచోట దానికి మేకని కట్టేశారు, ఒకచోట అదే ఉయ్యాలైంది. చివరి మడతలో తాడు అంచుదాకా పోయి ఆగిపోతుంది. ఆ చివర ఎవరు పట్టుకున్నారో బొమ్మలు వేసినవాళ్ళు చూపించలేదు. కింద ఏవో అక్షరాలున్నాయి. బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు వచ్చిన బిమల్‌దా కూడా అటు తిప్పీ ఇటు తిప్పీ తనకు తెలీదని ఒప్పుకున్నాడు. పైడమ్మప్ప పకపకా నవ్వింది. “సక్కగున్నాది. ఎవుడికీ సదవడం రాదు, అంటే అందరిదీను!” అంది.

నిజంగానే ఒక్కరే ఆ పుస్తకాన్ని చూడలేరు. చేతులు చాలవు. ఒక కొస ఒకరు పట్టుకుంటే, రెండో కొస పట్టుకోవడానికి ఇంకొకరిని బతిమాలి తెచ్చుకోవాలి. ముసలమ్మ దగ్గర ఒకరు కథ మొదలుపెడితే, మేక దగ్గర కూచున్నవాళ్ళు అందుకునేవారు. డాకు పిల్లలు కదా, తాళ్ళ గురించి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఈ మొత్తం సంబరానికి అడ్డు ఒక్క గౌరి. ఆ పిల్లకి ఏదైనా నచ్చిందంటే దానిమీద కూచునేది. పలక, జామకాయ, పక్కవాడి టోపీ, ఏదైనా సరే, గుడ్లని పొదిగే కోడిపెట్టలా దానిమీద కూచుని కళ్ళు మిటకరించేది. ఆఫీసరు దిది రావడానికి నాలుగు రోజుల ముందు తాడు పుస్తకం మీద కూచుంది. కాశీ రెండో కొస పట్టి లాగాడు. పుస్తకం సరిగ్గా నడుమ పర్రున చిరిగి రెండు ముక్కలైంది.

నేను మైదా జిగురు కోసం పరుగెత్తాను. పైడమ్మప్ప చెయ్యి అడ్డం పెట్టింది. “ఆగు. అతికించీకు.” ఒక ముక్క గౌరికీ ఒక ముక్క కాశీకీ ఇచ్చి, “మీ సగం మీరు ఉంచుకోండి,” అంది, అంతే. తిట్టలేదు, నీతి చెప్పలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. నాలుగు రోజుల్లో గది పోయేలా ఉంటే ఈవిడ చిరిగిన పుస్తకంతో ప్రయోగాలు చేస్తోంది! ఇక నా దారి నేను చూసుకోవాలనుకుని, ఆవిడ లేనప్పుడల్లా పిల్లల చేత వల్లె వేయించాను, బెంగాలీలో, రాగం పెట్టి: పంచుకుని తింటాం, పంచుకుని ఆడతాం, మంచి పిల్లలం మేము.

ఆఫీసరు దిది నూలు చీర, కళ్ళజోడు, చంకలో గొడుగుతో వచ్చింది. పొద్దుటినుంచి నాలుగు బళ్ళు చూసి అలిసిపోయినట్టుంది. బిమల్‌దా కుర్చీ వేశాడు. పిల్లలు చేతులు కట్టుకుని నా పాఠం ఒక్క గొంతుతో అప్పజెప్పారు. ఆమె “బాగుంది” అంది గాని, ఆ మాటలో ఉప్పూ కారం ఏమీ లేవు. నాలుగు బళ్ళలోనూ అదే విని ఉంటుంది. కలం మూత పెడుతూ, లేవకుండా కూచున్న గౌరిని చూసింది.

“నీ కింద ఏముంది?”

“పుస్తకం.”

“నాకిస్తావా?”

“ఇవ్వను.”

బిమల్‌దా పైకప్పు వంక చూశాడు. పంచుకుంటామని అప్పుడే పాడిన నోరది! పైడమ్మప్ప మాత్రం తాళంచెవి పట్టుకుని కదలకుండా నిలబడింది. గౌరి ఒక క్షణం ఆఫీసరు దిదిని ఎగాదిగా చూసి, తన బెంగాలీ తెలుగు కలగలుపు భాషలో చెప్పింది: “ఇది సగమే. తాడు తెగిపోద్ది. మిగతా సగం కాశీ కాడున్నాది. ఆడూ రావాల. నువ్వు కుర్సీ దిగి మద్దిన కూకో.”

ఆఫీసరు దిది కుర్చీ దిగింది. నా కళ్ళతో నేను చూశాను. కాశీ తన ముక్క పట్టుకొచ్చాడు. నాలుగు రోజులుగా వాళ్ళిద్దరూ ఇలా మూల కూచుని ముక్కలు కలుపుకుంటూనే ఉన్నారని, నా వల్లెవేతల గోలలో నేనే గమనించలేదని అప్పుడు తెలిసింది. ఒక పక్క గౌరి, ఒక పక్క కాశీ, నడుమ ఆమె. చిరిగిన చోటు సరిగ్గా ఆమె ఒళ్ళో పడింది. “గట్టిగా పట్టుకో, ఒదిలేస్తే మేక పారిపోద్ది,” అన్నాడు కాశీ. ఆమె రెండు చేతులతోనూ చిరుగుని కలిపి పట్టుకుంది. మిగతా పిల్లలు ఇంక ఆగలేదు. లైను లేదు, చెప్పుల వరస లేదు. ముసలమ్మ చీర గాలికి ఎగిరి ఉయ్యాల మీద పడిందని ఒకరు, ఉయ్యాల ఊగితే మేక పైకెగిరిందని ఒకరు, కథ ఆ కొసనుంచి ఈ కొసకి వచ్చి మళ్ళీ వెనక్కి పోయింది. చివరి మడత దగ్గర ఆమె అడిగింది, “తాడు ఆ చివర ఎవరు పట్టుకున్నారు?” ఓడ అన్నారు, గాలిపటం అన్నారు, మా నాన్న అన్నాడు కాశీ. గౌరి ఆమె మోకాలు తట్టింది. “నీకేటి కనిపిస్తంది?”

ఆమె తాడు ఆగిపోయిన అంచునే చూస్తూ మెల్లిగా అంది, “పడవ. నదికి అవతల మా ఊళ్ళో రేవులో కట్టేసి వచ్చాం. దేశం రెండైనప్పుడు నాకు నీ అంత వయసుంటుంది.” “అయితే లాగుదాం, ఒచ్చేస్తాది,” అంది గౌరి. పిల్లలంతా ఆ తాడు బొమ్మ పట్టుకుని హైలెస్సా అని ఉత్తుత్తినే లాగారు. ఆఫీసరు దిది కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది, కళ్ళు కూడా. ఆ తర్వాత మిగతా పుస్తకాలు చూపించమంది. ఇన్ని చిరిగాయేమని అడిగితే పైడమ్మప్ప మూలలు చూపించి తన పరీక్ష గురించి చెప్పింది. నేను గర్వంగా బెంగాలీలోకి మార్చి చెప్పాను. ఆమె కలం మూత మళ్ళీ తీసింది.

రెండు వారాల తర్వాత బిమల్‌దా కాగితం పట్టుకుని పరుగున వచ్చాడు. గది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా బాలవాడిదే! ఓడిపోయింది తనే అయినా రసగుల్లాల కుండ తెచ్చింది కూడా ఆయనే. క్వార్టర్లన్నీ మా గది ముందుకొచ్చేశాయి. మా నాన్న ఎవరిదో డప్పు తెచ్చి వాయించాడు. నేను గాల్లో తేలుతున్నాను. అప్ప మాత్రం గుమ్మంలో నిలబడి, కుండ మీద కూచోబోతున్న గౌరినే చూస్తోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

“రత్నం, నానూ అలగే కూకున్నానే గది మీద.”

నాకు నవ్వాగలేదు. “ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుందప్పా,” అన్నాను. ఇంకెవరైనా అంటే చెంప పగిలేది. ఆవిడ నా నెత్తిన ఒకటి మొట్టి, తనూ నవ్వేసి, నడుము నుంచి తాళంచెవి విప్పి, కుట్టు నేర్చుకోవాలని ఆశపడ్డ ఆడవాళ్ళ చేతిలో పెట్టింది. “మద్దేనం మీది. సూదులు మాత్రం ఏరి పొండి, పిల్లల కాళ్ళు,” అంది. గెలిచి తెచ్చుకున్నదాంట్లో సగం అడక్కుండానే ఇచ్చిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు ఆవిడ నాకు ఎంత ఎత్తున కనిపించిందో చెప్పలేను.

గౌరి పెద్దదయ్యాక ఆ గదిలోనే కుట్టు నేర్చుకుంది. పక్కనున్న వాట్‌గంజ్‌లో సొంత దుకాణం పెట్టింది, మా లైబ్రరీకి పుస్తకాల సంచులన్నీ తనే కుడుతుంది. పైడమ్మప్ప పోయి ఎనిమిదేళ్ళయింది. తాడు పుస్తకం అంతకన్నా ముందే, పిల్లల చేతుల్లో అరిగి అరిగి, అతికించడానికి ఇంక అట్ట మిగలక పోయింది. నేనేం బాధపడలేదు. పుస్తకానికి అంతకన్నా మంచి చావు ఉండదని ఆవిడే అనేది. నా దగ్గర మిగిలింది ఆ పరీక్ష ఒక్కటే. న్యూ టౌన్ తల్లులు వచ్చి పంచుకోవడం నేర్పే పుస్తకం ఏదని అడిగినప్పుడల్లా, ఇద్దరి ఒళ్ళు కావలసినంత పెద్దది, చివర్న నోరు మూసుకునేది ఒకటి వెతికి ఇస్తాను. ఎప్పుడూ ఒక్క కాపీయే కొంటాను. దానికోసం కమిటీతో ఎన్ని పోట్లాటలో! అన్నీ గెలిచాను.

మౌసుమి ఇంకా జవాబు కోసం చూస్తోంది. నేను మరమరాల పుస్తకాన్ని బల్ల మీద వెల్లకిలా తెరిచి పెట్టాను. కుడి మూల నల్లగా ఉంది. ఎడమ మూల, బొటనవేలి గుర్తులు ఒకదాని మీద ఒకటి పడి, ఇంకా నల్లగా ఉంది.

“తీసెయ్యడమేమిటి, ఇది పాసైంది,” అన్నాను. “ఎలాగో చూపిస్తాను, కూచో.”

తను కుర్చీ లాక్కోబోయింది. నేను అప్పటికే చాప మీద కూచుని పక్కన చోటు చూపించాను. మౌసుమి నవ్వుతూ వచ్చి నా పక్కన కూచుంది. పుస్తకం మా ఇద్దరి ఒళ్ళలోకీ వచ్చింది. ఎడమ మూల నేను పట్టుకున్నాను, కుడి మూల తను పట్టుకుంది.